మూడు బోర్డులు, ఒకే ధర

రేవులో మూడు ఐసు ఫ్యాక్టరీలు ఉండేవి. మూడింటి ముందూ మూడు నల్లబోర్డులు. ఆ బోర్డుల మీద ప్రతి పొద్దునా ఒకే ధర. ఇదేదో కూడబలుక్కుని చేసిన పని అనుకుంటారేమో, అదేం కాదు. ఆ ముగ్గురూ ఒకచోట కూర్చుని ధర గురించి మాట్లాడుకున్న పాపాన పోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకునేదే ఏ పెళ్లిలోనో పరామర్శలోనో. అక్కడ కూడా మోకాళ్ల నొప్పుల గురించి నాలుగు మాటలు చెప్పుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు.

మరి ధర ఎలా కలిసేదంటే, చెప్తాను వినండి. రేవు గేటు పక్కనున్న పెద్ద ఫ్యాక్టరీ యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్లు. తెల్లారగానే ఆయన స్వయంగా బయటికొచ్చి, తడిగుడ్డతో బోర్డు తుడిచి, ఐసు దిమ్మ ఎంతో సుద్దముక్కతో రాసి, చేతులు దులుపుకుని లోపలికి పోయేవాడు. కాసేపటికి రెండో ఫ్యాక్టరీ నుంచి ఒకరు పళ్లు తోముకుంటూ అటుగా నడిచొచ్చి, బోర్డు వంక ఓరగా చూసి, ఏమీ ఎరగనట్టు వెనక్కి తిరిగేవారు. పెద్దాయన ఫ్యాక్టరీ వెనక సందులో ఉన్న ఆ ఫ్యాక్టరీ బావాబావమరుదులది. తూర్పు ఎటో కూడా ఇద్దరూ ఒక్క మాట మీద చెప్పలేరు గానీ, పెద్దాయన బోర్డు చూసి రాసుకునే విషయంలో మాత్రం వాళ్ల మధ్య ఎన్నడూ పేచీ రాలేదు.

మూడోది రేవు చివర, పాత జెట్టీని ఆనుకుని ఉన్న చిన్న ఫ్యాక్టరీ. అది వదినది. నిజానికి ఆమె వదిన అయ్యేది ఒక్క మనిషికి, మొగుడి తమ్ముడికి. ఆ మహానుభావుడి నోరు పెద్దది కావడంతో అతని పిలుపే రేవంతా పాకి, పడవలు నడిపే నెరిసిన గడ్డాల సరంగులకు కూడా ఆమె వదినే అయి కూర్చుంది. వాళ్లలో అరవై దాటిన ముసలి సరంగు ఒకాయన వదినా అంటుంటే మొదట్లో సిగ్గుపడేది. తర్వాత అలవాటైపోయింది.

ఆమె మొగుడు మంచివాడే. నీళ్లు గడ్డకట్టించే కంప్రెసరుతో మాట్లాడినన్ని మాటలు పెళ్లాంతో మాట్లాడడు, అదొక్కటే లోటు. పొద్దున లేస్తే దాని మీద చెయ్యి వేసి, చెవి ఆనించి వింటాడు. పెళ్లైన కొత్తలో వదినకు ఒళ్లు మండేది. పోనీలే, వేరే మనిషి మీద మోజు పడలేదు కదా అని సరిపెట్టుకుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ధర ఒక్కటే అయినప్పుడు చేపల పడవ దగ్గరున్న ఫ్యాక్టరీకే పోతుంది. పడవలన్నీ కట్టేది పెద్ద జెట్టీకి. వేలం జరిగేదీ అక్కడే. పెద్దాయన ఫ్యాక్టరీ దానికి ఎదురుగా ఉంది. వదిన ఫ్యాక్టరీకి రావాలంటే పడవ తిప్పుకుని రేవు చివరికి రావాలి. అంత అవసరం ఎవరికి? పెద్దాయన దగ్గర వరుస మరీ పెరిగిపోయిన రోజున మిగిలినవాళ్లు వచ్చేవాళ్లు. మిగతా రోజుల్లో రంపపుపొట్టు కింద దిమ్మలు కరిగి, నీళ్లై, కాలవలో కలిసేవి. ఆ నీళ్లు చూస్తే ఆమెకు ఏడుపొచ్చేది.

ధర తగ్గించొచ్చు కదా అంటారా? తగ్గించారు. ఒకసారి మొగుడు ధైర్యం చేసి బోర్డు మీద కాస్త తగ్గించి రాశాడు. మధ్యాహ్నం కాకుండానే పెద్దాయన అంతే తగ్గించాడు, బావాబావమరుదులూ అంతే తగ్గించారు. పడవలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ముగ్గురి జేబులూ చిన్నవయ్యాయి, అంతే. ఇంకోసారి కరెంటు బిల్లు మోయలేక కాస్త పెంచి రాశాడు. అప్పుడు మాత్రం ఒక్కరూ వెంట రాలేదు. ఉన్న నాలుగు పడవలు కూడా మొహం చాటేశాయి. కిందికి దిగితే అందరూ కలిసి దిగుతారు, పైకి ఎక్కితే ఒంటరిగా ఎక్కాలి. ఆ దెబ్బతో ఆయన సుద్దముక్క పెళ్లాం చేతిలో పెట్టి కంప్రెసరు దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పటినుంచి పొద్దున్నే పెద్దాయన బోర్డు చూసొచ్చి అదే అంకె వేసే పని వదినకు పడింది.

ఇలా ఈడుస్తుండగా ఒకరోజు మరిది బాంబు పేల్చాడు. ఫ్యాక్టరీలో సగం వాటా అతనిది. రోజంతా గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెప్పడం తప్ప అతనికి అక్కడ పనేమీ ఉండేది కాదు. అమ్మేవాడు నోరు తెరవాల్సిన అవసరమేముంది, బోర్డు చెప్తుంటే? ఊరికే కూర్చుని విసిగిపోయాడు. లారీ కొనుక్కుంటానన్నాడు. తన వాటాకు పెద్దాయన బేరం పెట్టాడని, ఈ సీజను ఆఖరుకి ఇచ్చేస్తానని, అన్నయ్య మొహం చూడకుండా చెప్పేశాడు.

వదినకు అసలు సంగతి తెలిసిపోయింది. సగం పెద్దాయన చేతికి పోతే మిగతా సగం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కంప్రెసరు ఆపమంటే ఆపాలి, గేటుకు తాళం వేయమంటే వేయాలి. ఆయనకు కావాల్సింది ఐసు కాదు, రేవు చివర ఇంకో బోర్డు లేకపోవడం. మొగుడు ఆ పూట అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచాడు. అది చూశాక ఆమెకు మరిది మీద కోపం కూడా పోయింది. ఈ ఫ్యాక్టరీ చేతులు మారితే ఈ మనిషి బతికుండీ లేనట్టే అని అర్థమైంది.

ఊరికే కూర్చుని ఏడిచే రకం కాదు ఆమె. మర్నాడు పెద్దాయన బోర్డు చూసి ఊరుకోకుండా, పెద్ద జెట్టీ మీద ఒక మూల నిలబడి పడవలవాళ్లనే చూసింది. దిమ్మలు పడవలోకి దించాక వాళ్లు పడే పాట్లు చూసింది. చేపల మీద పరవాలంటే ఐసు పొడి కావాలి. దిమ్మను చెక్క సుత్తులతో బాది బాది, అరచేతులు బొబ్బలెక్కి, సగం ముక్కలు సముద్రంలోకి ఎగిరిపోయి, తల ప్రాణం తోకకొచ్చేది. ఈలోపు ఆటుపోటు మారిపోతే సరంగు కూలీల మీద ఒంటికాలి మీద లేచేవాడు. ఇన్నేళ్లుగా కళ్లెదుట జరుగుతున్నదే. ముగ్గురు యజమానులకూ ఎదుటివాడి బోర్డు చూడటంతోనే సరిపోయింది, కొనేవాడి చేతులు చూసే తీరిక దొరకలేదు.

ఆమె తిన్నగా ఇంటికొచ్చి, కంప్రెసరు పక్క నుంచి మొగుణ్ణి లాక్కొచ్చి, దిమ్మను పొడి చేసే యంత్రం కట్టగలవా అని అడిగింది. పెళ్లైనప్పటినుంచి ఆయన కళ్లల్లో అంత వెలుగు ఆమె చూడలేదు. పాత ఇనుప సామాన్ల కొట్టునుంచి ఒక మోటారు, పళ్ల చక్రం, ఏవేవో రేకులు తెచ్చాడు. యంత్రం నుంచి పాత జెట్టీ దాకా ఒక రేకు కాలవ దించాడు. ఇటు దిమ్మ వేస్తే అటు తెల్లటి పొడి నేరుగా పడవ కడుపులోకి జారిపోతుంది. శబ్దం మాత్రం చెవులు చిల్లులు పడేలా వచ్చేది. ఆ శబ్దమే రేవంతా వినిపించి ఉచిత ప్రచారం చేసిపెట్టింది.

బోర్డు మీద ధర మాత్రం ఆమె ముట్టుకోలేదు. పెద్దాయన ఎంత రాస్తే అంతే. పొడి కొట్టినందుకు పైసా తీసుకోలేదు. మొదట ఆ ముసలి సరంగే వచ్చాడు, కుతూహలం ఆపుకోలేక. పడవ నింపుకుని, కూలీలు ఖాళీగా బీడీలు కాలుస్తుంటే కళ్లు చిట్లించి చూసి పోయాడు. మర్నాడు ఇంకో మూడు పడవల్ని వెంటబెట్టుకొచ్చాడు. వారం తిరక్కుండా పాత జెట్టీకి తాళ్లు కట్టే గుంజలు చాలలేదు. వదిన ఇంట్లో మళ్లీ ముద్దలు నోట్లోకి వెళ్లడం మొదలైంది.

పెద్దాయన మొదట నవ్వాడట. తర్వాత నవ్వడం మానేశాడట. ఒక పొద్దున బయటికొచ్చి, ఎప్పట్లాగే బోర్డు తుడిచి, నిన్నటి ధరలో సగం రాసి లోపలికి పోయాడు.

వదిన ఆ అంకె చూసి లెక్క కట్టింది. ఆ ధరకు అమ్మితే కరెంటు డబ్బు కూడా రాదు. పెద్దాయనకు సీజనంతా నష్టపోయే సత్తువ ఉంది, వీళ్లకు లేదు. మరిది పరుగున వచ్చి, చూశావా వదినా, ఇప్పుడే అమ్మేస్తే నయం, రేపటికి ఈ ఇనుముకు పాత సామాన్ల ధర కూడా రాదు అని తొందరపెట్టాడు. మొగుడు గుమ్మంలో నిలబడి పెళ్లాం మొహంలోకే చూస్తున్నాడు. ఆమె సుద్దముక్క చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్లుగా చెయ్యి దానంతటదే ఆ అంకె వేయడానికి లేచింది. ఆమె ఆ చేతిని కిందికి దించింది.

"కంప్రెసరు ఆపెయ్యి," అంది మొగుడితో.

ఇద్దరూ నోళ్లు వెళ్లబెట్టారు. కంప్రెసరు ఆపితే ఐసేది? ఐసు లేకపోతే ఐసు ఫ్యాక్టరీ ఏంటి? ఆమె తాపీగా చెప్పింది. ఐసు పెద్దాయన దగ్గర ఉంది కదా, సగం ధరకు ఇస్తున్నాడు కదా, మనకెందుకు తయారు చేసే తలనొప్పి? పడవలు అక్కడే దిమ్మలు కొనుక్కోనీ. పొడి కొట్టించుకోవడానికి ఇక్కడికి రానీ. ఇప్పటిదాకా ఊరికే కొట్టిచ్చాం, ఇకనుంచి కొట్టినందుకు ఇంత అని తీసుకుందాం. దిమ్మ సగానికి వస్తుంటే ఆ కాస్త ఎవరికీ బరువనిపించదు.

పడవలవాళ్లకు పండగలా ఉంది. పెద్దాయన గేటు దగ్గర దిమ్మలు ఎక్కించుకుని, ఆయన కళ్లముందే పడవలు తిప్పుకుని, పాత జెట్టీకి పోయేవాళ్లు. వదిన ఫ్యాక్టరీకి చుక్క నీరు గడ్డకట్టించకుండానే రాబడి వచ్చింది. ఇక ఆగిపోయిన కంప్రెసరు సంగతి. దాన్ని విప్పి, లోపల పాచిపట్టి మూసుకుపోయిన గొట్టాలు మార్చాలని మొగుడు ఏళ్ల తరబడి తహతహలాడుతున్నాడు. ఆపితే రోజు గడవదని ఆపలేదు. ఇప్పుడు పెద్దాయన పుణ్యమా అని ఆపడానికి తీరిక దొరికింది. మనిషి ఒళ్లంతా నూనె పూసుకుని, కూనిరాగాలు తీస్తూ, దాన్ని ఏ మరకు ఆ మర విప్పి కడిగి బిగించాడు. తిరిగి ఆడించినప్పుడు అది సగం కరెంటుకే అంత పనీ చేసింది. వదినకు ఆ రోజు పెద్దాయన మీద నిజంగానే కృతజ్ఞత పుట్టుకొచ్చింది.

ఈ గొడవలో నలిగిపోయింది ఎవరయ్యా అంటే, బావాబావమరుదులు. పెద్దాయన సగం రాసిన పొద్దున వాళ్ల మనిషి ఎప్పట్లాగే పళ్లు తోముకుంటూ వచ్చి, చూసి, వెళ్లి, సగం రాసేశాడు. ఎందుకు రాస్తున్నామని ఒక్కరూ అడగలేదు. రోజూ రాసేదే కదా. కొట్టాలనుకున్నది వదినను, దెబ్బ తగిలింది వీళ్లకి. పడవలన్నీ వదిన వైపు తిరిగే దారిలో పెద్దాయన గేటుంది, వీళ్ల గేటు లేదు. సగం ధర పెట్టినా కొనే నాథుడు రాక, చివరికి ఇద్దరూ కలిసి, అవును, జీవితంలో మొదటిసారి ఒక్క మాట మీద కలిసి, పెద్దాయన మీదికి పోయారు. ఆయన కూడా ఊరుకోలేదు.

"మిమ్మల్నెవరు రాయమన్నారు?" అన్నాడట.

"ఇన్నేళ్లూ ఎవరు రాయమన్నారని రాశాం?" అన్నాడట బావ.

 మర్నాడు బోర్డు మీద పాత ధర వచ్చి కూర్చుంది. వదిన కంప్రెసరు మళ్లీ ఆడింది, కొత్త ఊపిరితో. పడవలు మాత్రం పాత జెట్టీ వదల్లేదు. ఒకసారి సుత్తి పక్కన పడేసిన చేతులు మళ్లీ ఎందుకు పట్టుకుంటాయి?

అప్పుడొచ్చాడు పెద్దాయన, ఒక మధ్యాహ్నం, ఒక్కడే. వదిన లేచి కుర్చీ వేసింది. మజ్జిగ ఇస్తే తాగాడు. కాసేపు యంత్రం వంక చూసి, మొగుణ్ణి మెచ్చుకున్నాడు. మరిది చెవులు రిక్కించి స్తంభం పక్కన నిలబడ్డాడు.

"అమ్మాయ్, నాకు వయసైపోయింది. ఇకనుంచి బోర్డు ముందు నువ్వు రాయి. నువ్వు ఏం రాస్తే నేనూ అదే రాస్తాను. మాట ఇస్తున్నాను. కాస్త పైకే రాయి, ముగ్గురం చల్లగా ఉంటాం," అన్నాడు.

చెప్పొద్దూ, వదినకు ఆ క్షణాన ఏనుగెక్కినంత సంబరమైంది. రేవులో ధర చెప్పే మనిషి తనవుతుంది. పైకి రాసినా ఈసారి ఒంటరిగా ఎక్కక్కర్లేదు, వెనక ఇద్దరూ ఎక్కుతారు. మరిది మొహం మతాబాలా వెలిగిపోయింది. వాటా ధర పెరిగిందని అతని లెక్క. పెద్దాయన మాట తప్పే మనిషి కాదని రేవంతటికీ తెలుసు. కాదనడానికి కారణమే కనిపించలేదు.

"రేపు పొద్దున బోర్డు చూడండి బాబాయిగారూ," అంది.

ఆయన తృప్తిగా లేచి వెళ్లాడు. ఆయన వెళ్లాక ఆమె జెట్టీ మీద కాళ్లు వేలాడేసి కూర్చుంది. ముసలి సరంగు తాడు చుట్టుకుంటూ, అంతా విన్నవాడిలా, మీ ముగ్గురికీ పొద్దున్నే ఒకే కల వస్తుందా వదినా అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. ఆమె కూడా నవ్వింది గానీ ఆ మాట గుచ్చుకుంది. రేపు ధర పెరిగితే ముందు కట్టాల్సింది ఈ ముసలాయనే. సుత్తి బాధ తప్పించింది కూడా ఈయనకే. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టు ఉంటుంది.

దాతృత్వం ఒక్కటే కాదులెండి, ఆమె అంత అమాయకురాలేం కాదు. తన సంగతి కూడా ఆలోచించుకుంది. బోర్డులు మూడూ ఒక్కటైనంత కాలం పెద్దది పెద్దదే, చిన్నది చిన్నదే. పెద్దాయన రేపో ఎల్లుండో ఒక యంత్రం కట్టించుకుంటాడు. అప్పుడు మళ్లీ దగ్గరున్నవాడిదే బేరం, మళ్లీ కాలవలో నీళ్లు. తను బతికి బట్టకట్టింది బోర్డు మీద రాసినదానివల్ల కాదు, రాయనిదానివల్ల. ఎదుటివాడు తిన్నగా నడిచొచ్చి చూసుకుని పోలేనిది ఏదో తన దగ్గర ఉండాలి. వెనక్కి తిరిగి చూస్తే గేటు దగ్గర మరిది ఎవరినో ఆపి ఊరికే కబుర్లు చెబుతున్నాడు. అవతలివాడు పని మానుకుని మరీ వింటున్నాడు. వదినకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ ఇంట్లో బంగారం పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

తెల్లారింది. వదిన బోర్డు ముందు రెండో ఫ్యాక్టరీ బావ నిలబడి ఉన్నాడు, సుద్దముక్క వెనక దాచుకుని. అతనికి నాలుగడుగుల అవతల పెద్దాయన కాపలాదారు. ఇద్దరూ ఆకాశం వంక చూస్తున్నారు, వాన కోసం వచ్చినవాళ్లలా. వదిన తడిగుడ్డతో బోర్డు తుడిచి, పెద్ద అక్షరాలతో రాసింది: ఐసు ఉంది. లోపలికి రండి.

అంకె లేదు. ఇద్దరూ ఇంకా ఏదో రాస్తుందని చూశారు. ఆమె చేతులు దులుపుకుని లోపలికి పోయింది.

ఇక్కడే మన బావగారి గొప్పతనం చూడాలి. రేవులో తెల్లారితే చూసి రాయడం తప్ప ఇంకోటి ఎరగని మనిషి. తిన్నగా వెళ్లి తన బోర్డు మీద అక్షరం పొల్లుపోకుండా అదే రాశాడు. పెద్దాయనకు కాపలాదారు వెళ్లి చెప్పగానే ఆయనకు విషయం అర్థమైందట. ఆయన తెలివితక్కువవాడేం కాదు. సుద్దముక్క పట్టుకుని, మాట ఇచ్చాను, ఏం చేస్తాం అని నిట్టూర్చి, తనూ అదే రాశాడు. మధ్యాహ్నానికి రేవులో మూడు బోర్డుల మీదా ఒకే వాక్యం. ఎప్పట్లాగే మూడూ ఒక్కటే, ధర మాత్రం ఏ బోర్డు మీదా లేదు.

ఆ రోజు రేవు రేవులా లేదు. సరంగులు ఒక గేటులో దూరి, బయటికొచ్చి, ఇంకో గేటులో దూరారు. అక్కడ ఇంతన్నారు, మీరెంత అని అడిగారు. పెద్దాయన ఫ్యాక్టరీలో బేరమాడటం ఎవరికీ చేతకాదు. బోర్డు ఉండగా ఎవరు నేర్చుకుంటారు? వాళ్లు నీళ్లు నములుతుంటే సరంగులు నవ్వుకుంటూ వచ్చేశారు. ఇక వదిన గేటు దగ్గర మరిది. అబ్బబ్బ, ఏం నోరది. ఒకడికి కాస్త తగ్గించి రెండు దిమ్మలు ఎక్కువ అంటగట్టాడు. ఇంకొకడి చేత వారం మొత్తానికీ ముందే ఒప్పించాడు. ముసలి సరంగుతో గంటసేపు బేరమాడి, చివరికి ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని లోపలికొచ్చారు. ఎవరికెంతకిచ్చాడో అతనికీ వదినకీ తప్ప మూడో మనిషికి తెలియదు. పాత ధర కంటే అంతా తక్కువే, అయినా సాయంత్రానికి రంపపుపొట్టు కింద ఒక్క దిమ్మ మిగల్లేదు.

పొద్దుగూకే వేళకు మరిది చెమట తుడుచుకుంటూ వచ్చి అన్నయ్య పక్కన కూలబడ్డాడు. గొంతు బొంగురుపోయింది. ఇలాంటి రోజు ఇంతకు ముందెందుకు రాలేదని ఆశ్చర్యపోయాడు. లారీ ఎప్పుడు కొంటున్నావురా అని అన్నయ్య అడిగితే, కొందాం, పక్క రేవులకు కూడా ఐసు తోలదాం, మన లారీయే అన్నాడు. వాటా మాట ఎత్తలేదు. ఎత్తమని ఎవరూ అడగలేదు. అన్నయ్య లేచి, ఎందుకో తమ్ముడి తల నిమిరి, కంప్రెసరు దగ్గరికి వెళ్లిపోయాడు.

వదిన గేటు మూయబోతుంటే చీకట్లో ఎవరో తచ్చాడుతున్నారు. బావ. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"వదినా, మీరు దిమ్మ ఎంతకిస్తున్నారు?"

వదిన గేటు బార్లా తీసింది.

"లోపలికి రండి. కొనుక్కుంటే చెప్తాను."